ఎవరి జెండా వాళ్లదే

తాళంచెవి ఏదని అడగడం అంజన్న మానేశాడు. ఇయ్యనని చెప్పడం ఉమారాణి కూడా మానేసింది. ఇక ఆ ఇంట్లో మాట్లాడుతున్నది కిటికీకి బిగించిన పాత ఏసీ ఒక్కటే. అది కూడా ఎవరి మీదో పళ్లు నూరుతున్నట్టే మాట్లాడుతోంది.

ఊర్మిల ఇద్దరి మధ్యా చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తీసిన కాయల్నే మళ్లీ తీస్తోంది. లేచి వంటగదిలోకి పోతే అమ్మను ఒంటరిని చేసినట్టవుతుంది. కూర్చుంటే బాపు వైపు చూడాల్సి వస్తుంది. నిన్న సాయంత్రం బాపు యార్డు నుంచి వేళకాని వేళ ఇల్లు చేరినప్పటి నుంచి ఆ ముఖం చూసే ధైర్యం ఆమెకు చాలడం లేదు.

తాళంచెవి ఎక్కడుందో ఊర్మిలకు తెలుసు. పొద్దున స్నానం చేసి వచ్చి, బాపు ప్యాంటు జేబులోంచి తీసి, అమ్మ దాన్ని పిన్నీసుకు గుచ్చుకుని పుస్తెలతాడుకు తగిలించుకుంది. పైన కొంగు కప్పుకుంది. అది ఇంట్లోనే ఉన్నా, వీసా ఇచ్చిన కఫీలైనా పోలీసైనా చెయ్యి పెట్టలేని చోట ఉన్నట్టే.

"మీ బాపుకు చెప్పు," అంది ఉమారాణి చివరికి, గోడకేసి చూస్తూ. "చాయ్ సల్లారుతున్నది."

"నాకు చాయ్ వద్దని మీ అమ్మకు చెప్పు," అన్నాడు అంజన్న.

ఊర్మిల ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాళ్లిద్దరూ వింటూనే ఉన్నారు గదా.

అంజన్న దమ్మామ్ రేవు పక్కనున్న రైలు యార్డులో ఫోర్‌మన్. ఓడల్లో దిగిన పెట్టెలు రియాద్ పోవాలంటే పెద్ద రైలెక్కాలి. ఆ పెద్ద రైలు మాత్రం రేవు సందుగొందుల్లోకి రాదు. ఓడ ఆగిన గట్టు నుంచి కొన్ని వ్యాగన్లు, సిమెంటు గోదాము నుంచి కొన్ని, పైపుల ఫ్యాక్టరీ గుమ్మంలోంచి ఇంకొన్ని ఏరుకొచ్చి, ఏది ముందు దిగాలో ఏది వెనక దిగాలో చూసి, బారుగా కూర్చి, పెద్ద లైను మీద అప్పజెప్పేది అంజన్న పనిచేసే చిన్న కంపెనీ. అక్కణ్నుంచి వచ్చిన రైలును విప్పి ఎవరి వ్యాగన్లు వాళ్ల వాకిట్లో పెట్టేదీ వాళ్లే. వాళ్ల ఇంజన్లు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి, ఊరు మాత్రం దాటవు.

"పెద్ద రైలు పెండ్లికొడుకసొంటిది బిడ్డా," అనేవాడు అంజన్న మనసు బాగున్న రోజుల్లో. "అచ్చి పీటల మీద కూసుంటది. పందిరేసేది, బంతి వడ్డించేది, ఇస్తర్లు ఎత్తేది మనం. ఫోటువల మాత్రం మనం పడం."

వాళ్లుండే బిల్డింగు యార్డు గోడకు దగ్గరే. ఊర్మిల జగిత్యాల పక్క పల్లెలో బడి చదువు సగంలో ఆపి ఇక్కడికి వచ్చిన కొత్తలో, భాష తెలియక, బయటికి పోలేక, కిటికీ దగ్గర కూర్చుని ఇంజన్ల కూతలు వినేది. ఆ కూతలకు అర్థం బాపే చెప్పాడు. ఒక్కటే కూస్తే ఇంజను నిలబడ్డట్టు. వెంటవెంట రెండు కూస్తే కదులుతున్నట్టు. ఈ దేశంలో ఊర్మిల నేర్చిన మొదటి భాష అదే.

యార్డులో అంజన్న ప్రాణంలా చూసుకునేది ఒక పద్ధతి. వ్యాగన్ కింద పని చేయడానికి దూరేవాడు ముందు లైను మొదట్లో తన నీలం జెండా కట్టాలి. ఇంజను ఆ లైనులోకి రాకుండా పట్టాలు మళ్లించే మీటకు తన తాళం వేయాలి. పనయ్యాక బయటికొచ్చి, వంగి బండ్ల కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, తన చేత్తోనే తాళం తీయాలి, జెండా దించాలి. ఇంకొకడి జెండా ముట్టకూడదు. ఇంకొకడి జెండాను నమ్ముకుని బండి కిందికి దూరకూడదు. ఎవరి జెండా వాళ్లదే.

ఈ పద్ధతి చెవికెక్కించుకోనివాడు ఒక్క బుచ్చన్నే. ఉమారాణి తమ్ముడు. అక్క ఏడ్చి మొత్తుకుంటే అంజన్నే తీసుకొచ్చి బ్రేకుల ఫిట్టరుగా పెట్టించాడు. వీళ్లింట్లోనే ముందు గదిలో పడుకుంటాడు. "మా బావ జెండా ఉండంగ నా జెండా ఎందుకు? బావ జెండా కింద పండుకుంటె మా అవ్వ ఒళ్లె పండుకున్నట్టె," అని నవ్వుతాడు. అంజన్న ఒకసారి అందరి ముందూ తిట్టాడు కూడా. బావ తిట్టును బామ్మర్ది తిట్టులా ఎందుకు తీసుకుంటాడు? దులిపేసుకున్నాడు.

ఈ పొద్దున కూడా అంతే. అమ్మ స్నానానికి పోయినప్పుడు, బాపు మిద్దె మీద ఒక్కడే నిలబడి ఉన్నప్పుడు, బుచ్చన్న రొట్టె చుట్టుకుని నిలబడే తిన్నాడు. ఊర్మిల జడ పట్టి లాగాడు. "మీ బాపు అలిగినా ఒకందుకు మంచిదే బిడ్డా. ఆ గోడ లైన్ల ఉన్న బండ్లకు బ్రేకు పైపులు మార్చే పని ఎన్నాళ్ల నుంచో ఉన్నది. ఇయ్యాల అటు ఇంజను రాదు," అన్నాడు. ఊర్మిల నవ్వింది. ఇంట్లో అంత గొడవలోనూ నవ్వించేవాడు మామ ఒక్కడే.

గోడ లైను అంటే యార్డు గోడ వెంట పోయే లైను. బాపు అలక అక్కడే వేలాడుతోంది.

నిన్న జరిగింది ఇదీ. సొంత దేశస్థులు ఎందరున్నారని సర్కారు చూసే నితాకత్ లెక్కలో కంపెనీ ఎరుపులో పడింది. సౌదీ మనుషులను పెట్టుకుంటే గానీ ఎవరి ఇకామా, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, కొత్తది కాదు. అందుకని హుఫూఫ్ నుంచి తుర్కీ అనే పిల్లవాణ్ని తెచ్చి ఫోర్‌మన్ అన్నారు. అంజన్న ఇకామాలో వృత్తి మార్చి 'ఆమిల్' అని, అంటే ఉత్త కూలీ అని రాయిస్తారట. పని మాత్రం అంజన్న ఎప్పుడూ చేసేదే చేయాలి, తుర్కీకి నేర్పాలి. ఆమిల్ అయినవాడు పెళ్లాం పిల్లల్ని ఇక్కడ పెట్టుకోవడం కుదరదని ఆఫీసువాళ్లే చెప్పారు. ఇప్పటికే తలకింత అని ఏటేటా పెరిగే లెవీ కట్టలేక బిల్డింగులో సగం కుటుంబాలు ఫ్రిజ్‌లూ మంచాలూ అమ్ముకుని వెళ్లిపోయాయి. ఊర్మిల చదివే ఇక్కడి బడిలో పక్క బెంచీ ఖాళీ అయింది, తర్వాత వెనక బెంచీ.

ఆఫీసు మనిషి యార్డులోకి వచ్చి ఆ కాగితం చదివి వినిపించినప్పుడు అంజన్న చేతిలో జెండా ఉంది. గోడ లైనులో బండ్లు చూడటానికి వంగబోతున్నాడు. విన్నాడు. జెండా కట్టాడు, మీటకు తాళం వేశాడు, తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాడు. బండ్ల కింద మనిషి లేడు. ఆ జెండా ఉత్త కోపం మీద కట్టిన జెండా.

గోడ లైనులో ఉన్నవి రియాద్ పోవాల్సిన బండ్లు. నిన్నటి నుంచి కదల్లేదు. ఇంజను నడిపే గుల్‌జమాన్ పెషావర్ వైపు పఠాను. అంజన్న వచ్చి, కిందికి చూసి, తన చేత్తో దించితే తప్ప ఆ లైనులోకి ఇంజను పెట్టనని తేల్చి చెప్పాడట. పెద్ద రైలువాళ్లు అవతల మండిపడుతున్నారట.

కోపంలో చేసిన ఆ పని ఉమారాణికి ఆయుధంలా కనిపించింది. హాయిల్ దారిలో కొత్త యార్డులో ఫోర్‌మన్ కావాలని అంజన్నకు పిలుపు వచ్చి ఉంది. అక్కడికి పోతే వృత్తి మారదు, కుటుంబం కదలదు, ఊర్మిల చదువు ఆగదు. కావాల్సింది వేరే చోట చేరనిస్తూ ఈ కంపెనీ ఇచ్చే రిలీజ్ కాగితం ఒక్కటే. అంజన్న పోతే యార్డు నడిచేదెట్లా అని వాళ్లు ఇవ్వడం లేదు. జెండా దిగాలంటే రిలీజ్ కాగితం తెమ్మను, ఇంకో మాట లేదు: ఇదీ ఉమారాణి పట్టు. తాళంచెవి పుస్తెలతాడు ఎక్కింది అందుకే.

అంజన్న లేచి నిలబడ్డాడు. ఈసారి ఊర్మిలను మధ్యలో పెట్టలేదు.

"జెండా బేరానికి పనికొచ్చేది కాదే. ఇయ్యాల ఉత్తగ కట్టిన అని తెలుస్తె, రేపు నిజంగ మనిషి కింద ఉన్ననాడు ఎవడు నమ్ముతడు?"

"మరి కట్టినప్పుడు ఏమైంది ఈ బుద్ధి?"

నిన్నటి నుంచి అంజన్న నమలలేక మింగలేక ఉన్నది సరిగ్గా ఆ ముద్దే.

"తప్పే చేసిన. అందుకే దించుతా అంటున్న."

"దించు. దించి కూలోని కాగితం మీద వేలిముద్ర వెయ్యి. పది మందికి దారి చూపెటోడివి, ఇంట్ల ఇద్దరికి చూపలేవు," అంది ఉమారాణి. తర్వాత గొంతు తగ్గించింది. ఊరికి పోతే ఊర్మిలను మళ్లీ పల్లె బడిలో వేయాలని, అక్కడ ఎప్పుడో విడిచిన చదువు మళ్లీ అందుకోలేదని, ఇంట్లో కూర్చోబెట్టుకుంటారని, ఆ తర్వాత ఏం చేస్తారో అందరికీ తెలిసిందేనని అంది. చెబుతున్నంత సేపూ భర్త వైపు కాదు, కూతురి వేళ్ల మధ్య నలిగిపోతున్న చిక్కుడుకాయ వైపు చూసింది.

ఊర్మిలకు ఏదో అనాలనిపించింది. నేను ఎక్కడైనా చదువుకుంటాను అనాలా, ఇక్కడే ఉంటాను అనాలా తేలలేదు. మాట ఎప్పటిలాగే గొంతు దాకా వచ్చి, అక్కడే చెప్పులు విడిచి కూర్చుంది.

బెల్లు మోగింది.

వచ్చింది మహబూబ్ సుభాని. కర్నూలు మనిషి, కంపెనీ ఆఫీసులో అరబ్బులు చెప్పింది తెలుగువాళ్లకు చేరవేసే పని. నిన్న కాగితం చదివి వినిపించింది కూడా ఇతనే. జుమ్మా నమాజుకు తయారై ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కుని, అత్తరు పూసుకుని వచ్చాడు. కూర్చోమని ఎవరూ అనకపోయినా కూర్చున్నాడు.

"అన్నా, నేను పోస్టుమ్యాన్ని. రాసినోణ్ని ఇడిచిపెట్టి నన్ను కొట్టొద్దు," అన్నాడు ముందే.

కంపెనీ సాహెబు మాట ఇదని చెప్పాడు. అంజన్న ఇప్పుడే కార్లో వచ్చి జెండా దించాలి. శుక్ర, శనివారాలు సెలవు గనక రిలీజ్ సంగతి ఆదివారం ఆఫీసు తెరిచాక మాట్లాడతారు. దించకపోతే మాత్రం అంజన్న మీద హురూబ్ పెడతారు, పని విడిచి పారిపోయాడని కంప్లయింటు. అది పడితే ఇంటిల్లిపాదికీ ఇకామా చెల్లదు, వేలిముద్రలు తీసుకుని పంపిస్తారు, మళ్లీ ఈ దేశం గడప తొక్కనివ్వరు.

"ఇంట్ల కూసుండి చాయ్ తాగెటోణ్ని పారిపోయిండని ఎట్ల రాస్తరు?" అంది ఉమారాణి.

"వదినా, కంప్యూటరుకు చాయ్ కనపడదు."

"కాగితం తెచ్చినవా?"

"ఆదివారమంటాండా గదా."

"అయితే తాళంచెవి గూడ ఆదివారమే."

సుభాని అంజన్న వైపు చూశాడు. అంజన్న భార్య మెడ వైపు చూశాడు. కొంగు కింద తాళంచెవి ఆకారం సన్నగా కనిపిస్తోంది. చెయ్యి చాపితే అందుతుంది. పరాయివాడి ముందు భార్య పుస్తెలతాడు మీద చెయ్యి వేసే మనిషి కాడు అంజన్న. ఆ సంగతి ఉమారాణికి తెలుసు, తెలిసే అక్కడ పెట్టుకుంది.

కానీ అతను మూలకు పోయి పని బూట్లు తీశాడు. కూర్చుని ఒక కాలికి తొడిగి తాడు బిగించాడు. తాళం సంగతి అక్కడ చూసుకుంటానని, ముందు తన కళ్లతో తాను చూసి తన చేత్తో జెండా దించాలని అన్నాడు. ఊర్మిలకు గుండెల మీది బరువు దిగినట్టయింది, ఎందుకో తెలియకుండానే.

ఉమారాణి అడ్డం రాలేదు. తలుపుకు ఆనుకుని నిలబడిపోయింది అంతే.

అప్పుడు సుభాని, మంచికే, ఒక మాట చెప్పాడు. గేటు దగ్గర చిన్న ఇబ్బంది ఉందన్నాడు. అంజన్న పాత పాసు ఆపేశారట. కొత్తది ఆమిల్ పాసు, ఇంకా రాలేదు. ఈ పూటకు తుర్కీ గేటు దగ్గరికొచ్చి తన మనిషని సంతకం పెట్టి లోపలికి తీసుకుపోతాడని చెప్పాడు.

రెండో బూటు అంజన్న చేతిలోనే ఆగిపోయింది.

"నా యార్డుల నేను పోనీకి ఆ పిలగాడు పూచీ పడాల్నా?"

"ఈ పొద్దుకే అన్నా. వాడు నిన్ను అమ్మీ అంటాడు, వాళ్ల బాసలో చిన్నాయన అని. మంచోడే."

"మంచోడే. రాత్రి ఫోన్ చేసి ఏడ్సినంత పని చేసిండు. ఈ పని నేను అడగలే అన్నడు. వాని మీద నాకు కోపం లేదు," అన్నాడు అంజన్న. "ఇద్దరి మెడల మీద ఒక్కటే కాడి ఏసి, ఎవడు ముందు పడుతడో సూస్తున్నరు."

బూటు కింద పెట్టాడు. ఒక కాలికి బూటుతో, రెండో కాలు ఉత్తగా, అలాగే కూర్చున్నాడు. ఆ గేటు మొదట బిగించినప్పుడు తాను పక్కనే నిలబడి ఉన్నాడని, ఆ గేటులోంచి ఇంకొకడి సంతకం మీద దొంగలా పోలేనని అన్నాడు. సుభాని బతిమాలాడు. అజాఁ అయ్యే వేళైంది, మళ్లీ నమాజు దాకా ఎవరూ దొరకరన్నాడు. ఉమారాణి ముఖంలో ఒక్క క్షణం వెలుగులాంటిది వచ్చింది. భర్త తన వైపుకు వచ్చాడనుకుంది.

ఊర్మిలను చాయ్ పెట్టమని పంపారు.

వంటగదిలో నిలబడి ఊర్మిల నీళ్లు మరిగే దాకా చూస్తూ ఉంది. ముందు గదిలో మాటలు తగ్గాయి. తర్వాత బాపు గొంతు వినిపించింది, ఫోనులో మాట్లాడే గొంతు. సుభాని ఫోను కలిపి ఇచ్చినట్టున్నాడు.

"గుల్‌జమాన్ భాయ్. మైఁ అంజన్న. వో ఝండా మేరా హై. నీచే కోయీ నహీఁ హై."

అవతల పఠాను ఏదో అడిగాడు. బాపు ఉర్దూలోనే, తడబడుతూ, నిదానంగా ఒప్పుకున్నాడు: అది కోపంలో కట్టినదని, దాని కింద మనిషి లేడని, తాళం కోసేసి జెండా దించుకోమని, ఇంకెప్పుడూ తాను అలా చేయనని. గుల్‌జమాన్ ఏమన్నాడో సుభాని తర్వాత చెప్పాడు. ఇన్నేళ్లలో నువ్వు ఇంట్లో కూర్చుని జెండా దించడం ఇదే మొదటిసారి, అయినా నీ నోటి మాట చాలు అన్నాడట.

ఊర్మిల చాయ్ గ్లాసులు తెచ్చేసరికి అమ్మ నేల మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పడేసుకుంది.

"నీ జెండా ఇజ్జత్ దక్కింది," అంది భర్తతో, కోపం కూడా మిగలని గొంతుతో. "ఇగ నా బిడ్డను ఏ లైన్ల పెడతవో పెట్టు."

అంజన్న తల ఎత్తలేదు. అబద్ధం జెండా దించినందుకు తేలికపడాల్సిన మనిషి, ఇంకా బరువెక్కినట్టు కనిపించాడు. ఏదో మరిచిపోయినవాడిలా తన అరచేతుల వైపు చూసుకుంటున్నాడు.

సుభానికి మాత్రం ఊపిరి అందింది. చాయ్ ఊదుకుంటూ తాగాడు, చక్కెర సరిపోయిందని మెచ్చుకున్నాడు. తాళం కోసే కట్టరు పట్టుకుని మనిషి పోయాడని, ఇక బండ్లు కదిలినట్టేనని చెప్పాడు. ఆదివారం తానే సాహెబు దగ్గర మాట్లాడతానన్నాడు. లేవబోతూ, చెప్పులు వెతుక్కుంటూ అడిగాడు.

"అవునూ, మన బుచ్చన్న యాడికి పోయినాడు? పొద్దున పనిలోకి వచ్చినాడంట, ఆ మీదట ఎవురికీ కనపళ్లేదు. ఫిట్టర్ల గదిలో కూడా లేడు."

"ఏడికి పోతడు? ఏ నీడకో ఒరిగి ఉంటడు," అంది ఉమారాణి. తమ్ముడి సంగతి ఆమెకు తెలుసు.

ఊర్మిల చేతిలో ఖాళీ గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పొద్దుటి నవ్వు, జడ పట్టి లాగిన చెయ్యి, నిలబడి తిన్న రొట్టె, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి తగులుకున్నాయి, వ్యాగన్లు తగులుకున్నట్టు. ఆఖరుది తగిలినప్పుడు ఒళ్లంతా అదిరింది.

నోరు తెరిచింది. ఎప్పటిలాగే మాట గొంతులో ఆగింది. ఆమె దాన్ని ఆగనివ్వలేదు.

"మామ గోడ లైన్ల ఉన్నడు."

ఎవరికీ సరిగా వినపడలేదు. "ఏందే?" అంది అమ్మ.

"బండి కింద. బ్రేకు పైపులు మారుస్తనన్నడు. ఇయ్యాల అటు ఇంజను రాదన్నడు."

అంజన్న తల ఎత్తాడు. నిన్నటి నుంచి చూడలేకపోయిన ఆ ముఖం ఇప్పుడు ఊర్మిల చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది.

"వాని జెండా కట్టిండా?"

ఊర్మిల తల అడ్డంగా ఊపింది. "నీది ఉంది గదా."

అంజన్న బుచ్చన్నకు ఫోను చేశాడు. మోగింది, మోగుతూనే ఉంది. బండి కిందికి దూరేవాడు ఫోను గదిలో పెట్టి పోవాలి. అది అంజన్న పెట్టిన పద్ధతే. ఆ ఒక్క పద్ధతిని బుచ్చన్న పాటించినట్టున్నాడు. గుల్‌జమాన్‌కు చేశాడు, ఎత్తలేదు. ఇంజను మీదున్నవాడు ఫోను ముట్టకూడదు. అదీ అంజన్న పద్ధతే.

సుభాని ఆఫీసుకు చేస్తున్నాడు. శుక్రవారం, ఎవరూ ఎత్తడం లేదు. "జుమ్మా టైమన్నా, నమాజుకు పోయింటారు, కదిలించి ఉండరు," అంటున్నాడు. ఆ మాట అంజన్నకు చెబుతున్నాడో, పైన ఉన్నవాడికి చెబుతున్నాడో తెలియలేదు. దూరంగా మసీదు మైకు గరగరమని, అజాఁ మొదలైంది.

అంజన్న అప్పటికే తలుపు దాటాడు. ఒక కాలికి బూటుంది, రెండో కాలికి లేదు. మెట్ల మీద ఆ ఒక్క బూటు చప్పుడే కిందికి దిగిపోయింది. కారు తాళాలు చేతిలో పట్టుకుని సుభాని వెనకాలే పరుగెత్తాడు.

ఉమారాణి లేచింది. కొంగు తొలగించి పిన్నీసు లాగింది. సూది మొన వేలికి దిగింది. తాళంచెవి ఊడదీసి, వాకిట్లోకి వచ్చి చెయ్యి చాపింది.

"ఇగో, తీస్కపో," అంది.

మెట్ల మీద ఎవరూ లేరు.

ఊర్మిల కిటికీ దగ్గరికి పోయి, ఎన్నాళ్ల నుంచో తెరవని అద్దం పక్కకు లాగింది. వడగాలి ముఖాన కొట్టింది. ఏసీ ఆపేసింది, బాగా వినపడాలని. యార్డు గోడ కనిపిస్తోంది. గోడ మీదుగా కంటైనర్ల పైభాగాలు వరసగా కనిపిస్తున్నాయి, ఎర్రవి, నీలివి, తుప్పు పట్టినవి. ఏదీ కదలడం లేదు. బాపు ఇంకా రోడ్డు మలుపు కూడా తిరగలేదు. బ్రేకు పైపుల పని చేసేటప్పుడు చెవులకు డొప్పలు పెట్టుకోవాలని, గాలి చప్పుడుకు చెవులు పోతాయని మామ ఒకసారి చెప్పడం గుర్తొచ్చింది. ఆ డొప్పలు పెట్టుకుంటే ప్రపంచమే వినపడదు బిడ్డా, హాయిగ ఉంటది అన్నాడు.

అమ్మ వచ్చి పక్కన నిలబడింది. తాళంచెవి ఇంకా పిడికిట్లోనే ఉంది.

అజాఁ ఆగింది.

అప్పుడు కూత వినిపించింది. గోడ లైను వైపు నుంచే. ఒకటి.

"ఏమన్నదే? ఏమన్నది?" అని అడిగింది ఉమారాణి. ఇన్నేళ్లు ఈ గోడ పక్కనే ఉన్నా ఆమెకు ఆ భాష రాదు.

ఊర్మిల అమ్మ పిడికిలి మీద తన చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. ఒకటైతే ఆగినట్టు. ఒకటి వచ్చింది. రెండోది రాకూడదు.